సదస్సు ప్రసంగ ప్రతిపాదన

ఒక వృత్తికి లేదా విద్యారంగానికి చెందిన సదస్సులో మాట్లాడే అవకాశం కోరుతూ, చెప్పబోయే విషయాన్ని క్లుప్తంగా రాసి నిర్వాహకులకు పంపేదే సదస్సు ప్రసంగ ప్రతిపాదన. విశ్వవిద్యాలయాల్లో దీన్ని పత్ర సంగ్రహమనీ అబ్‌స్ట్రాక్ట్ అనీ అంటారు. సాఫ్ట్‌వేర్ రంగంలో టాక్ ప్రపోజల్ అన్న మాట వాడుకలో ఉంది. సాధారణంగా ఇది 150 నుంచి 300 పదాల్లో ఉంటుంది. ప్రసంగం జరగకముందే దాని విలువ తేల్చడానికి ఎంపిక సంఘం చేతిలో చాలాసార్లు ఉండేది ఈ ఒక్క కాగితమే.

ఈ వ్యాసం విషయాన్ని సాధారణంగా వివరిస్తూనే, ఉదాహరణలను ఎక్కువగా కర్ణాటకలోని బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని హచ్చొళ్ళి పరిసరాల నుంచి తీసుకుంటుంది. కన్నడం, తెలుగు రెండూ వినిపించే ఈ సరిహద్దు సీమకు ఒక పక్క ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు జిల్లా, తుంగభద్రకు అవతల రాయచూరు జిల్లా ఉన్నాయి. ఇక్కడి ఉపాధ్యాయుడు, వ్యవసాయాధికారి, ఇంజనీరు, పరిశోధక విద్యార్థి రెండు రాష్ట్రాల సదస్సులకూ ప్రతిపాదనలు పంపవచ్చు. తమ ఊరి విషయం ఊరి బయటివారికి ఎందుకు కావాలో చెప్పవలసిన అవసరం వారికి ప్రతిసారీ ఎదురవుతుంది. ప్రతిపాదన బలమంతా ఆ జవాబులోనే ఉంది.

పరిధి, దగ్గరి రూపాలు

ప్రతిపాదన వేరు, పూర్తి పత్రం వేరు. కొన్ని సదస్సులు మొదట సంగ్రహం మాత్రమే అడిగి, అంగీకరించిన తర్వాత పూర్తి పత్రం కోరతాయి. కంప్యూటర్ శాస్త్ర సదస్సులు చాలావరకు పూర్తి పత్రాన్నే సమీక్షకు తీసుకుంటాయి. వృత్తి నిపుణుల సమావేశాల్లో పూర్తి పత్రం ప్రస్తావనే ఉండకపోవచ్చు. అక్కడ శీర్షిక, వివరణ, వక్త పరిచయం చాలు.

ఆహ్వాన ప్రసంగం ఈ పద్ధతికి బయటిది. కీలకోపన్యాసకులను, ప్లీనరీ వక్తలను నిర్వాహకులే ఎంచుకుంటారు. 2010 ఆగస్టు 19 నుంచి 27 వరకు హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత శాస్త్రజ్ఞుల మహాసభలో ఈ రెండు దారులూ పక్కపక్కనే కనిపించాయి. ప్లీనరీ వక్తలు, విభాగ వక్తలు ఆహ్వానితులు. సంగ్రహం పంపి అంగీకారం పొందినవారికి చిన్న ప్రసంగాలు, పోస్టర్ల వేదిక ఉండేది. తెలుగు సాహిత్య సభల్లో మాత్రం ఆహ్వాన పద్ధతే ఎక్కువ కాలం నడిచింది. అందువల్ల, అడిగి వేదిక ఎక్కడం మర్యాద కాదన్న సంకోచం ఇప్పటికీ కొందరిలో ఉంది. ప్రతిపాదనలు కోరే సదస్సులో ఆ సంకోచానికి తావు లేదు. పిలుపు అందరికీ ఇచ్చిందే.

చరిత్ర

పండితులు ఏటా ఒకచోట చేరి విభాగాలవారీగా పత్రాలు చదివే పద్ధతి 19వ శతాబ్దపు ఐరోపాలో స్థిరపడింది. 1831లో యార్క్‌లో ఆరంభమైన బ్రిటిష్ శాస్త్రాభివృద్ధి సంఘం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ నమూనాను చూసే భారతీయ విజ్ఞాన కాంగ్రెస్ రూపుదిద్దుకుంది. 1914 జనవరిలో కలకత్తాలో అశుతోష్ ముఖర్జీ అధ్యక్షతన జరిగిన తొలి సమావేశానికి 105 మంది శాస్త్రజ్ఞులు వచ్చారు. 35 పత్రాలను ఆరు విభాగాలుగా పంచుకుని చదివారు. అంత తక్కువ సంఖ్య ఉన్నప్పుడు కఠినమైన వడపోత అవసరం రాలేదు.

మానవీయ శాస్త్రాల్లో అఖిల భారత ప్రాచ్య విద్యా సమ్మేళనం 1919లో, భారత చరిత్ర కాంగ్రెస్ 1935లో, రెండూ పుణేలోనే మొదలయ్యాయి. 1941లో ఈ రెండింటి సమావేశాలకూ హైదరాబాద్ వేదిక అయింది. విజ్ఞాన కాంగ్రెస్ 2008లో విశాఖపట్నంలోనూ 2017లో తిరుపతిలోనూ జరిగింది.

వచ్చే పత్రాలు పెరిగేకొద్దీ సంగ్రహం ఎంపిక సాధనంగా మారింది. వైద్యరంగంలో 1987 నుంచి, నేపథ్యం, పద్ధతి, ఫలితం, నిర్ధారణ అనే ఉపశీర్షికలతో రాసే నిర్మిత సంగ్రహం వ్యాపించింది. 2008లో క్లినికల్ ప్రయోగాల సంగ్రహాలకు కన్‌సార్ట్ మార్గదర్శకాలు వచ్చాయి. ఆన్‌లైన్‌లో ప్రతిపాదనలు తీసుకుని సమీక్షకులకు పంచే వ్యవస్థల్లో మైక్రోసాఫ్ట్ సీఎమ్‌టీ 1999లో, ఈజీచైర్ 2002లో మొదలయ్యాయి.

మన దేశపు కళాశాలల్లో సదస్సుల సంఖ్య పెరగడానికి మరో కారణం కూడా ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010 నిబంధనల్లో అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు ఏపీఐ (విద్యా పనితీరు సూచిక) పాయింట్ల పద్ధతి తెచ్చింది. సదస్సుల్లో పత్ర సమర్పణకు కూడా పాయింట్లు దక్కాయి. దీనివల్ల చిన్న పట్టణాల అధ్యాపకులకు వేదికలు దొరికాయి. ప్రశ్న లేని పత్రాలు కుప్పలుగా రావడానికీ ఇదే కారణమైంది.

బళ్ళారి బూడిద దిబ్బలు: ఒక ప్రశ్న సాగిన దారి

స్థానిక విషయం ప్రపంచ వేదికకు ఎలా చేరుతుందో చూపే మంచి ఉదాహరణ ఈ జిల్లాలోనే ఉంది. బళ్ళారి చుట్టుపక్కల కరిగి గట్టిపడిన బూడిద దిబ్బల గురించి బ్రిటిష్ సైనికాధికారి న్యూబోల్డ్ 1836లోనే బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. అవి అగ్నిపర్వతపు శకలాలా, ఇనుము కరిగించిన చిట్టెమా, శవదహనాల ఆనవాళ్ళా అన్న చర్చ నడిచింది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని కొత్త రాతియుగపు పశువుల పేడతో ముడిపెట్టాడు. 1899లో రాబర్ట్ సూయెల్ ఈ ప్రశ్నను లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో చర్చకు పెట్టాడు. బి. సుబ్బారావు 1946లో సంగనకల్లును తవ్వి, 1948లో బళ్ళారి రాతియుగ సంస్కృతులపై గ్రంథం వెలువరించాడు. పాలమూరు జిల్లా ఉట్నూరును తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్, 1963 నాటి తన పుస్తకంలో అవి పశువుల దొడ్లలోని పేడ కాలగా ఏర్పడిన దిబ్బలని వాదించాడు. సిరుగుప్ప తాలూకాలోనే ఉన్న తెక్కలకోట కొండ నివాసాలపై నాగరాజరావు, మల్హోత్రా తవ్వకాల నివేదిక 1965లో వచ్చింది.

వీరెవరూ బళ్ళారి విశేషాలను ఏకరువు పెట్టి ఊరుకోలేదు. ఈ దిబ్బల చర్చ చివరికి దక్షిణ భారతంలో పశుపోషణ ఎప్పుడు, ఎలా మొదలైందన్న పెద్ద ప్రశ్నకు చేరింది. అందుకే బళ్ళారిని ఎన్నడూ చూడనివారు కూడా చదివారు.

రకాలు

పరిశోధన పత్ర ప్రతిపాదన: కొత్త ఫలితాన్ని లేదా కొత్త వ్యాఖ్యానాన్ని ప్రకటిస్తుంది. పద్ధతి, ఆధారం తప్పనిసరి.

అనుభవ నివేదిక: పని చేసినవారు ఏం జరిగింది, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు, ఏది ఫలించింది అన్నది చెబుతారు. తుంగభద్ర ఆనకట్ట 33 క్రస్ట్ గేట్లలో 19వది 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి కొట్టుకుపోయింది. వారం రోజుల్లో నీరు పారుతుండగానే స్టాప్‌లాగ్ పలకలు దించి ప్రవాహాన్ని అడ్డుకున్నారు. పాత ఆనకట్టల భద్రతపై జరిగే ఇంజనీర్ల సదస్సుకు ఇలాంటి ఘటన చక్కని అనుభవ నివేదిక. అయితే వార్తాపత్రికల్లో వచ్చిన కథనాన్నే మళ్ళీ చెబితే సరిపోదు. ఏ కొలతలు చూశారు, ఏ ప్రత్యామ్నాయాలను పక్కన పెట్టారు, అదే వయసున్న ఇతర ఆనకట్టలవారు ఇప్పుడే ఏం తనిఖీ చేసుకోవాలి అన్నవి అందులో ఉండాలి.

పోస్టర్: ఫలితం ఇంకా పూర్తికానప్పుడు, లేదా పట్టికలు, పటాలు ఎక్కువగా ఉన్నప్పుడు అనువైనది. దీన్ని తక్కువ స్థాయిగా చూడడం పొరపాటు. వేదిక మీది పదిహేను నిమిషాల కన్నా పోస్టర్ దగ్గరే లోతైన చర్చ జరగడం మామూలే.

చర్చాగోష్ఠి: ఒక అంశంపై భిన్నాభిప్రాయాలున్న ముగ్గురు నలుగురిని కలిపి ప్రతిపాదిస్తారు. అందరూ ఒకే మాట అనేట్టుంటే సమీక్షకులు ఒప్పుకోరు.

కార్యశాల: నేర్పించే సమావేశం. వచ్చేవారికి ముందుగా ఏం తెలిసుండాలి, ఏ సామగ్రి కావాలి, ఏ గంటలో ఏం చేయిస్తారు అన్నది రాయాలి.

మెరుపు ప్రసంగం: ఐదు నిమిషాల్లో ముగిసేది. దీనికి చాలాచోట్ల సదస్సు రోజునే పేరు ఇచ్చినా చాలు.

ప్రతిపాదన అంగాలు

శీర్షిక. ఏ తరగతిలో పడుతుందో, ఎవరు సమీక్షించాలో తరచూ శీర్షికే నిర్ణయిస్తుంది. తెలుగు సదస్సుల్లో "ఒక పరిశీలన", "సమస్యలు – పరిష్కారాలు", "సమగ్ర అధ్యయనం" అన్న తోకలు బాగా అలవాటైపోయాయి. అవి దేనికైనా అతుకుతాయి కాబట్టి దేన్నీ చెప్పవు. ప్రశ్నగానీ తేలిన విషయంగానీ శీర్షికలోనే కనిపించడం మేలు.

సమస్య. మొదటి రెండు మూడు వాక్యాల్లో ఏది తెలియదో, ఎవరికి అది ఇబ్బందో చెప్పాలి. వేదకాలం నుంచో స్వాతంత్ర్యం నుంచో మొదలుపెట్టే ఉపోద్ఘాతం సగం స్థలాన్ని తినేస్తుంది.

పద్ధతి, ఆధారం. ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందిని, ఏ రికార్డులను, ఎలా పరిశీలించారో స్పష్టంగా ఉండాలి. నమ్మకం కుదిరేది ఇక్కడే.

ఫలితం. "ఫలితాలు సదస్సులో చర్చించబడతాయి" అన్న వాక్యం ప్రతిపాదనను బాగా బలహీనపరుస్తుంది. తేలింది ఉంటే చెప్పాలి. తేలకపోతే, ఏ తేదీకి ఏది సిద్ధమవుతుందో రాయాలి.

శ్రోతకు అందేది. వృత్తి సదస్సుల దరఖాస్తుల్లో దీనికి ప్రత్యేకంగా గడి ఉంటుంది. విన్నవారు తిరిగి వెళ్ళి ఏం చేయగలరు, ఏ నిర్ణయం మార్చుకోగలరు అన్నదే జవాబు. "అవగాహన పెరుగుతుంది" అనడం జవాబు కాదు.

వక్త పరిచయం. ఈ విషయంపై మాట్లాడే అర్హత ఎక్కడి నుంచి వచ్చిందో రెండు మూడు వాక్యాల్లో చెబితే చాలు. సన్మానాల జాబితా కన్నా ఆ పొలంలో లేదా ఆ రికార్డుల గదిలో గడిపిన పని ముఖ్యం. పేరు దాచి సమీక్షించే సదస్సుల్లో ఈ వివరాలు సంగ్రహంలోకి జారకుండా చూసుకోవాలి (చూడండి: ఎంపిక విధానం).

ఊహాత్మక ఉదాహరణ

తుంగభద్ర ఆయకట్టు వరి సాగుపై వ్యవసాయ శాస్త్ర సదస్సుకు ప్రతిపాదన పంపుతున్నారనుకుందాం. "హచ్చొళ్ళి ప్రాంతంలో వరి సాగు: సమస్యలు – పరిష్కారాలు" అన్న శీర్షికతో, అన్నదాత ప్రాముఖ్యం మీద ఒక పేరా, నీటి కొరత, కూలీల కొరత, గిట్టుబాటు ధర అన్నిటి మీద తలా ఒక వాక్యం రాస్తే అది తిరిగి వచ్చే అవకాశమే ఎక్కువ. ఇందులో ప్రతి మాటా నిజమే. కానీ ఇవే మాటలు గోదావరి డెల్టా గురించీ రాయవచ్చు.

దాన్నే ఇలా మార్చవచ్చు. శీర్షిక: "కాలువ చివరి పొలాల్లో నేరుగా విత్తిన వరి: నీటి పొదుపును కలుపు ఖర్చు మింగేస్తుందా?" సారాంశం: "కాలువ చివరి పొలాలకు నీరు ఆలస్యంగా అందినప్పుడు నారు ముదిరిపోతుంది. నేరుగా విత్తితే దమ్ముకు పట్టే నీరు, నాట్ల కూలీ మిగులుతాయి, కలుపు మాత్రం పెరుగుతుంది. ఒకే తూము కింద పక్కపక్కనున్న నాటిన మడులను, విత్తిన మడులను రెండు ఖరీఫ్‌లలో పోల్చాం. తడులు, కలుపు కూలీ, మందుల ఖర్చు, దిగుబడి మడివారీగా నమోదు చేశాం. ఏ స్థితిలో పొదుపు నిలుస్తుందో, ఏ స్థితిలో కలుపు ఖర్చు దాన్ని దాటిపోతుందో చూపుతాం. ఇతర ఆయకట్టులవారు తమ అంకెలు వేసి చూసుకోగల లెక్కల పట్టీని అందిస్తాం."

అసలు ప్రతిపాదనలో మడుల సంఖ్య, ఎకరాకు ఖర్చు, దిగుబడిలో తేడా అంకెలతో రావాలి. రెండో రూపంలో హచ్చొళ్ళి పేరు శీర్షికలో లేదు. అయినా ఆ నేల వివరం మొదటిదానికన్నా ఎక్కువగా ఉంది. గోదావరి డెల్టా శివారు రైతుకూ కావేరి కిందివారికీ అదే ప్రశ్న ఉంది కాబట్టి సదస్సులో దానికి చోటు దొరుకుతుంది.

ఎంపిక విధానం

గడువు ముగిశాక కార్యక్రమ సంఘం ప్రతి ప్రతిపాదననూ సాధారణంగా ఇద్దరు ముగ్గురు సమీక్షకులకు పంపుతుంది. సదస్సు ఇతివృత్తానికి పొందిక, కొత్తదనం, ఆధారాల బలం, స్పష్టత, శ్రోతలకు ప్రయోజనం అన్న అంశాలకు మార్కులు వేస్తారు. ఆ తర్వాత సంఘం కార్యక్రమం మొత్తాన్ని చూసి సర్దుబాటు చేస్తుంది. ఒకే అంశంపై రెండు మంచి ప్రతిపాదనలు వస్తే ఒకటి ఆగిపోవచ్చు. పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ఇండియా, 2018లో హైదరాబాద్‌లో జరిగిన సదస్సుతో సహా, ప్రతిపాదనలను బహిరంగంగా ఉంచి వ్యాఖ్యలు స్వీకరించే పద్ధతిని పాటించింది. కొత్తవారు ఆమోదం పొందిన పాత ప్రతిపాదనలను చదివి నేర్చుకోవడానికి అది వీలిస్తుంది.

పేర్లు తెలిస్తే తీర్పు మారుతుందా అన్నదానికి గట్టి ఆధారం ఉంది. వెబ్ శోధన, డేటా మైనింగ్ రంగపు డబ్ల్యూఎస్‌డీఎమ్ 2017 సదస్సులో ఒకే పత్రాలను పేర్లు తెలిసిన సమీక్షకులకూ తెలియనివారికీ ఇచ్చి చూశారు. పేర్లు తెలిసినవారు ప్రసిద్ధ రచయితల, పేరున్న విశ్వవిద్యాలయాల, పెద్ద కంపెనీల పత్రాల వైపు మొగ్గారు. సిరుగుప్ప, ఆదోని వంటి చోట్ల నుంచి రాసేవారు పేరు దాచి సమీక్షించే సదస్సులను ముందు ఎంచుకోవడానికి ఇది సరైన కారణం.

అదృష్టం పాత్రను కూడా కొలిచారు. యంత్రాభ్యాస (మెషిన్ లెర్నింగ్) రంగపు 2014 నాటి నిప్స్ సదస్సులో 166 పత్రాలను రెండు వేర్వేరు సంఘాలు విడివిడిగా పరిశీలించాయి. దాదాపు నాలుగో వంతు పత్రాలపై నిర్ణయాలు కలవలేదు. ఒక సంఘం అంగీకరించినవాటిలో సగానికి పైగా రెండోది తిరస్కరించింది. అందుచేత ఒక తిరస్కరణను విషయం మీద తుది తీర్పుగా తీసుకోనక్కరలేదు. వ్యాఖ్యలు అందితే వాటిని బట్టి మార్చి, మరో సదస్సుకు పంపడం మామూలు ఆచారం. ఒకే ప్రతిపాదనను ఒకేసారి రెండు చోట్లకు పంపడాన్ని మాత్రం చాలా సదస్సులు నిషేధిస్తాయి.

గడువు విషయంలో ఒక చిన్న సాంకేతిక వివరం. అంతర్జాతీయ సదస్సులు తరచూ "ఏఓఈ" (ఎనీవేర్ ఆన్ ఎర్త్) అన్న కాలమానం పాటిస్తాయి. అది ప్రపంచంలో ఎక్కడైనా ఆ తేదీ మిగిలి ఉన్నంతవరకూ లెక్క. దాని ప్రకారం రాత్రి 11:59 అంటే మన దేశంలో మర్నాడు సాయంత్రం 5:29.

కృత్రిమ మేధతో రాయించిన పాఠంపై నియమాలు సదస్సును బట్టి మారతాయి. యంత్రాభ్యాస రంగపు మరో సదస్సు ఐసీఎమ్ఎల్ 2023 పూర్తిగా భాషా నమూనాలు పుట్టించిన పాఠాన్ని నిషేధించింది. పంపే ముందు ఆ ఏటి నియమం చూసుకోవాలి.

సరిహద్దు ప్రాంతపు ప్రత్యేకతలు

రికార్డులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, సిరుగుప్పతో సహా మిగిలినవి మైసూరుకు వెళ్ళాయి. నదికి అవతలి రాయచూరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. కాబట్టి హచ్చొళ్ళి పరిసరాల చరిత్రపై పనిచేసేవారికి మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నైలో, నిజాం కాలపు అవతలి ఒడ్డు కాగితాలు హైదరాబాద్‌లో, తర్వాతివి కర్ణాటకలో దొరుకుతాయి. ఏ ప్రభుత్వ భాండాగారాన్ని చూశారో, దేన్ని చూడలేదో ప్రతిపాదనలో ఒక వాక్యంలో చెబితే సమీక్షకుడి మొదటి సందేహం తీరుతుంది.

పేర్లు. జిల్లా పేరు ఇంగ్లీషులో 2014 నవంబరు 1 నుంచి అధికారికంగా "బళ్ళారి" అయింది. అంతకుముందటి ఇంగ్లీషు సాహిత్యమంతా "బెల్లరీ"గానే ఉంది. వెతికేవారికి దొరకాలంటే కీలకపదాల్లో రెండు రూపాలూ ఇవ్వాలి.

భాష. సదస్సు ఏ భాషలో ప్రతిపాదనలు తీసుకుంటుందో ఆ భాషలోనే మొదటినుంచీ ఆలోచించి రాయడం మంచిది. రెండు భాషల మధ్య బతకడమే కొన్నిచోట్ల విషయబలం అవుతుంది. 2018 సెప్టెంబరులో హైదరాబాద్‌లో జరిగిన ఇంటర్‌స్పీచ్, బహుభాషా సమాజాల్లో వాక్ పరిశోధనను తన ఇతివృత్తంగా తీసుకుంది. తెలుగు, తమిళం, గుజరాతీ మాటలను గుర్తించే పోటీ ఒకటి అక్కడ జరిగింది. ఒకే వాక్యంలో కన్నడ, తెలుగు మాటలు కలిపి మాట్లాడే ఊళ్ళ నుంచి సేకరించిన మాటల రికార్డులు ఇలాంటి వేదికలకు అరుదైన సామగ్రి.

సహాయక సంస్థలు. బళ్ళారిలో 2010లో ఏర్పడిన విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, రాయచూరు వ్యవసాయ శాస్త్రాల విశ్వవిద్యాలయం కింద పనిచేసే సిరుగుప్ప పరిశోధన కేంద్రం ఇక్కడివారికి దగ్గరి ఆసరాలు. పంపే ముందు ఆ రంగం తెలిసినవారొకరికీ తెలియనివారొకరికీ చదివించాలంటే ఇలాంటి చోట్ల మనుషులు దొరుకుతారు.

మోసపు సదస్సులు

ఈమెయిల్‌లో పొగడ్తతో వచ్చి, రెండు రోజుల్లోనే అంగీకారం తెలిపి, వెంటనే రుసుము అడిగే సదస్సులను అనుమానించాలి. హైదరాబాద్ కేంద్రంగా పత్రికలు, సదస్సులు నడిపిన ఒమిక్స్ గ్రూపుపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో ఫిర్యాదు దాఖలు చేసింది. సమీక్ష విషయంలోనూ, ఒప్పుకోని ప్రముఖులను వక్తలుగా ప్రకటించిన విషయంలోనూ మోసం జరిగిందన్నది అభియోగం. 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. కార్యక్రమ సంఘంలో పేర్లున్నవారికి నేరుగా రాసి అడగడం, గత సంవత్సరాల కార్యక్రమ పట్టికలు చూడడం, ఒకే హోటల్లో ఒకే రోజు సంబంధం లేని పది సదస్సులు ఉన్నాయేమో గమనించడం సులువైన పరీక్షలు.

అంగీకారం తర్వాత

అంగీకార పత్రం వచ్చాక నమోదు రుసుము, ప్రయాణం, బస ఖర్చుల ప్రశ్న వస్తుంది. చాలా విద్యా సదస్సుల్లో వక్తే రుసుము కట్టాలి. విదేశీ సదస్సులకు కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థల అంతర్జాతీయ ప్రయాణ సహాయ పథకం కింద దరఖాస్తు చేసేవారు అంగీకార పత్రం జతచేయాలి. కాబట్టి అంగీకారానికీ సదస్సుకూ మధ్య ఎన్ని నెలలు మిగులుతాయో ప్రతిపాదన పంపే రోజునే లెక్కచూసుకోవడం అవసరం. విద్యార్థులకు, దూరప్రాంతాలవారికి రుసుము తగ్గింపు ఇచ్చే సదస్సులున్నాయి. అది అడిగితేనే ఇస్తారు.

సదస్సులో చదివినంత మాత్రాన పని శాశ్వతంగా నిలవదు. జీవవైద్య రంగపు సదస్సు సంగ్రహాలను కలిపి చూసిన 2018 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం, వాటిలో తర్వాత పూర్తి వ్యాసంగా వెలువడినవి సుమారు 37 శాతమే. చాలా సదస్సులు ఎంపికైన పత్రాలను సంపుటాలుగా వేస్తాయి. అంగీకరించాక రానివారి పత్రాన్ని డిజిటల్ సంపుటం నుంచి తప్పించే హక్కును ఐఈఈఈ వంటి సంస్థల సదస్సులు తమ వద్దే ఉంచుకుంటాయి. రాలేని పరిస్థితి ఏర్పడితే సహరచయిత చేత చదివించేందుకు సదస్సు సంచాలకుల అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి.